వాటం

మొన్న బుధవారం మూడు కాళ్ల స్టాండు మీద
ఒంటికన్ను పెట్టి ఒక కుర్రాడు
మా వీధిని కొలిచాడు.
అంకెల కర్ర పట్టుకుని ఇంకొకడు
దాలినాయుడి అరుగు మీద ఓసారి,
నా కుట్టుమిషను కిటికీ కింద ఓసారి నిలబడ్డాడు.
"వాటం ఇటే ఉందండి" అన్నాడు.
ఇటే అంటే, నా వైపు.

ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన సంగతే.
వాన పడితే వీధి ఏం తిన్నదో, ఏం ఉతికిందో
నా గుమ్మం దాకా వచ్చి చెప్తుంది.
ములక్కాడ పిప్పి, సబ్బు నురగ,
ఎవరి పెళ్లివో పసుపు బియ్యం.
ఇకమీదట అదంతా నేల కింద నుంచి వస్తుందట.
గొట్టంలో. మూతేసుకుని. మర్యాదగా.

ఆదివారం రైసుమిల్లు కళ్లంలో మీటింగు.
ఇంటింటికీ నాగావళి నీళ్లు,
మురుక్కి భూగర్భ డ్రైనేజీ అంటూ
ఇంజినీరు మేడమ్ మ్యాపు పరిచింది.
గాలికి ఎగిరిపోతుంటే, రాళ్లు దొరక్క
మూలకొకటి మా చెప్పులే పెట్టారు.

దాలినాయుడు లేచాడు.
"మా పంచాయితీని శ్రీకాకుళంలో కలిపీసినప్పుడు
మమ్మల్ని అడిగినారేటి?
పన్ను వొచ్చీసింది, కుళాయి రానేదు.
ఇప్పుడు నీళ్లకో డిపాజిట్టు, మురుక్కో డిపాజిట్టు,
అరుగు కొట్టీసినందుకు మేమే ఎదురు కట్టాలా?"

పున్నమ్మ కూచునే అడిగింది.
"మా మావ తవ్విన నుయ్యి నాది.
ఏ ఎండాకాలమూ ఎండనేదు.
దానిక్కూడా మీటరు ఎడతారేటి?"
అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది.
జవాబు మాత్రం చెప్పలేదు.

అద్దెకుండే లోలాక్షి ఏమీ అడగలేదు.
కనెక్షన్ ఖర్చు వచ్చే నెల అద్దెలో కలుస్తుందని
ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.
పిల్లాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

గోడవారన సన్నాసి, నిలబడే ఉన్నాడు.
సెప్టిక్ ట్యాంకుల లారీ మీద పని.
ఎవరి ట్యాంకు ఎన్నేళ్లకి నిండుతుందో,
ఎవరిది కింద సిమెంటే లేని ఉత్త గొయ్యో
ఆ మ్యాపు కంటే వాడికే బాగా తెలుసు.
అందరూ పోయాక నా దగ్గరకొచ్చి మెల్లిగా,
"అమా, రేపు ఆ గొట్టం పూడుకుపోతే
మళ్లా నన్నే దింపుతారు కదా?" అన్నాడు.

మీటింగులో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది.
పోయిన వానాకాలం మా వీధిలో పదకొండు మందికి కామెర్లు.
పున్నమ్మ నూతికీ పక్కింటి ట్యాంకుకీ మధ్య దూరం
నేను కొలిచాను, మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు,
జాకెట్లు కొలిచే టేపుతో.
రెండు టేపులకి జానెడు తక్కువ.

చెప్పలేదు.
ఈ వీధికి కొత్తగా వచ్చిన రోజుల్లో
నా చేతికి చేద ఇచ్చింది పున్నమ్మ ఒక్కతే.
మీరేవుట్లమ్మా అని
అప్పుడూ అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.
అలాంటి నుయ్యిని పాడైందని ఏ నోటితో అనను?
'మాకొద్దు' అని రాసిన కాగితం మీద
నేనూ సంతకం పెట్టాను, పన్నెండో నంబరు.

నిన్న ఎగువ కొసన చూద్దామని ఓ గొయ్యి తీశారు.
తారు, కంకర, ఎర్రమట్టి,
ఏడడుగుల కింద తెల్లటి ఇసక, ఏటి ఇసక,
గోరంత గుల్లలతో.
ఏరు ఒకప్పుడు ఇటే పోయిందన్నమాట.
అదీ ఎవరినీ అడక్కుండానే దారి మార్చుకుంది.

కుర్రాడు నా గుమ్మం పక్కన మేకు కొట్టి
పచ్చరంగు పూశాడు.
"ఇక్కడ పంపు ఆగిపోతే, బాబూ?"
"జనరేటర్ ఉంటుందండి."
"డీజిలు అయిపోతే?"
వాడు స్టాండు కాళ్లు ముడుచుకున్నాడు.

రాత్రి కప్పీ కిర్రుమంది.
నాకు మోకాళ్ల నొప్పులని
పున్నమ్మ బిందె నింపి గుమ్మంలో పెట్టి,
పిలవకుండానే వెళ్లిపోయింది.
పొయ్యి మీద పెట్టాను.
మరిగేదాకా అక్కడే నిలబడ్డాను.
మరిగాక, ఇంకాసేపు.