ములుగు, ములుంగు

ఆదివారం సాక్ష్యం చెప్పమన్నడు పాస్టరయ్య.
పది నిమిషాలు. మైకు గరగర.
ముందు వరుసల దేవసహాయం పెద్దయ్య
నోట్‌బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి,
"ఎంతమంది, బిడ్డా?" అన్నడు.

ఎంతమందని చెప్పాలె.

నా టికెట్టు మీ బియ్యమే కద.
రెండేండ్లు, ఎసరు పెట్టినప్పుడల్ల
డబ్బాల పక్కకు తీసిన గుప్పెడు గుప్పెడు —
సారమ్మత్త గుప్పెడు, మార్తమ్మ గుప్పెడు,
కూలి దొరకని దినం గూడ
ఎలీషమ్మ తీసిన అరగుప్పెడు.
అవి బస్తాలై, బస్తాలు నోట్లై,
చాలకపోతే సామేలు తాత మేకపోతు కలిసి
నన్ను సముద్రం దాటించినయి.
లెక్క అడిగే హక్కు మీకున్నది.

మలావీ దేశం. బలాకా అవతల ఊర్లు.
మేం తొమ్మిది మందిమి, ఆరు దేశాలోళ్లం,
అందరికి ఒకటే రంగు టీషర్టు.
నాటకంల నాకు గొర్రె వేషమిచ్చిండ్రు,
తప్పిపోయిన గొర్రెకు ఇంగ్లీషు అక్కర్లేదని.
మూడు ఊర్లల్ల మూడుసార్లు తప్పిపోయిన.
నాలుగో ఊర్లె
నన్ను ఎతుకుతుంటె చూసెటందుకు మనుషులే లేరు.
అందరు పత్తి ఏరవోయిండ్రు.

మా లీడరు గడియారం చూసుకుంట నిలవడ్డడు.
నేను చేను చూసిన.
పగిలిన కాయ. అదే తెలుపు.
గోటి సందుల దిగెటి అదే ముల్లు.
చున్నీ నడుముకు చుట్టి ఒడి కట్టిన,
మల్లంపల్లిల అమ్మెంబడి కట్టినట్టె,
ఎవల్ని అడగకుండ సాలు పట్టిన.
పక్క సాలుల ఎనిఫా అనే ముసలమ్మ
నా మొఖం చూడలె, చేతులు చూసింది.
పొద్దుగూకెదాక మాటల్లేవు.

తూకం కాడ ఒక్కటడిగింది.
మనుమడు తర్జుమా చేసిండు:
"మీ దిక్కు కిలోకు ఎంతిస్తరు?"
చెప్పిన.
"మీ కాంట గూడ అబద్ధమాడుతదా?"
"ఆడుతది, అమ్మా."
అప్పుడు నవ్వింది, భుజం మీద చెయ్యేసి.
ఆ దినం నేను చెప్పిన సువార్త అంతే.

రాత్రి వాళ్లింట్ల మక్క గట్క.
పేరు వేరే పెట్టుకున్నరు గని గట్కనే.
మా టీమోళ్లు మర్యాదకు తిన్నరు,
నేను మారు పెట్టించుకున్న.
తిన్నంక ముసలమ్మ కండ్లు మూసి ప్రార్థన మొదలువెట్టింది.
ఆ భాషల ఒక్క ముక్క రాదు నాకు.
నడుమ నడుమ ఒక మాట చెవుల వడ్డది —
ములుంగు... ములుంగు...
ఉలిక్కిపడి కండ్లు తెరిచిన.
హన్మకొండ బస్టాండ్ల కండక్టరు
బస్సు తలుపు మీద దరువేసుకుంట
గూడెప్పాడు, మల్లంపల్లి, ములుగు, ములుగు అని
నా కోసం అరుస్తున్నట్టె ఉండె.
మనుమడు చెవుల చెప్పిండు:
ములుంగు అంటె దేవుడు.
నేనింక ఏం చేసేది?
బస్సెక్కిన.

నన్ను గూడ ప్రార్థన చెయ్యమన్నరు.
నాలుగు నెలలు ఇంగ్లీషుల
దేవునికి దరఖాస్తు వెట్టుకున్నట్టు చేసినదాన్ని
ఆ రాత్రి మన మాటల్ల చేసిన.
వాన అడిగిన. పురుగు రావద్దన్న.
కాంటకు జెర్ర సిగ్గియ్యి అన్న.
ఎవలకు సమజ్ కాలె.
అందరు ఆమెన్ అన్నరు.

ఇగ రాసుకో, పెద్దయ్యా.
రక్షణ పొందినోళ్లు ఎందరో — నాకు తెల్వది.
నాకు మలేరియా వచ్చినప్పుడు
ఎనిఫా నా నొసటి మీద తడిగుడ్డ మార్చుకుంట
నిద్రపోని రాత్రులు మూడు.
నేను ఏరిన పత్తి పద్దెనిమిది కిలోలు.

పెద్దయ్య పెన్ను పట్టుకొని
కాయితం దిక్కు శానాసేపు చూసిండు.
గుడిల ఫ్యాను చప్పుడొక్కటే.
చూసి చూసి, పద్దెనిమిది అని రాసిండు.

ఎనుక చాప మీదికెల్లి ఎలీషమ్మ గొంతు:
"తరుగు తీసినంకనా బిడ్డా,
తియ్యకముందా?"