పిడికెడు

మా నాయనమ్మ రాహేలమ్మకి
గడియారం చూడ్డం రాదు.
మొదటి పంటు కూతకి లేచేది.
వశిష్ఠ మీద మంచు విడకముందే
మోకాళ్ళ మీద ఉండేది.

ఆ ప్రార్థన మెల్లగా సాగేది కాదు,
దెబ్బలాటలా ఉండేది.
"తండ్రీ, మూడోవాడి అప్పు సంగతి నిన్ననే చెప్పాను,
మళ్ళీ చెప్పించుకోకు."
పక్కింటి నూకరత్నం గోడవతల నించి
"మీ అత్తగారున్నాక మాకు కోడెందుకే" అని
మా అమ్మతో నవ్వేది.

తర్వాత ఎసరు.
చేటలో బియ్యం లోంచి ఒక పిడికెడు తీసి
తలుపు మూల మట్టిపిడతలో పోసేది.
అది దేవుడి వాటా.
ఆదివారం గుడ్డసంచిలోకి ఒంపుకుని
చర్చికి మోసుకెళ్ళేది.
పొద్దున ఒకటి, రాపూట ఒకటి,
పద్దెనిమిదో ఏట కాపరానికొచ్చిన రోజు మొదలు.

మధ్యాహ్నాలు లేసు.
నర్సాపురంలో మా వీధి వీధంతా అరుగుల మీద
తెల్లదారం, సన్న కొక్కెం,
చూపుడువేలి కొసన కాయ.
ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో
తెలియని పువ్వులు.
శనివారం షావుకారొచ్చి
తన ఇనప గజంతో కొలిచేవాడు.
ఆ గజం గజంకన్నా నాలుగు వేళ్ళు పొడుగని
ఆడాళ్ళందరికీ తెలుసు, అతనికీ తెలుసు.
ఒకసారి నాయనమ్మ
ముక్కు దగ్గర్నించి చాచిన చేతి కొసదాకా
లేసు పట్టి నిలబడి
"గజమంటే ఇదండి. దేవుడు కొలిచిచ్చింది" అందట.
రెండు నెలలు ఇంటికి దారం రాలేదు.

ఆ రెండు నెలలూ
డబ్బా అడుగున గిద్దె గీసుకున్న చప్పుడు
డెబ్బయ్యేళ్ళొచ్చినా మా నాన్న చెవిలో ఉంది.
నలుగురు పిల్లలకి రెండు పిడికిళ్ళుంటే
ఒకటి పిడతలోకే వెళ్ళిందట.
తాతయ్య పిడత ఎత్తి నేలకి కొట్టాడట.
ఆవిడ ఒక్క మాటనకుండా
గింజ గింజా ఏరి
కొబ్బరిచిప్పలో పోసిందట.
దీన్ని భక్తి అనాలో మొండితనం అనాలో
నాన్న ఎప్పుడూ తేల్చలేదు.
చెబుతూ చెబుతూ
చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఎనభై ఆరు వరదకి నాకు ఏడేళ్ళు.
గట్టు తెగిందన్న కేకకి
మేకలతో సహా అందరం చర్చి మేడెక్కాం.
మసీదు వీధి వాళ్ళూ ఎక్కారు,
వలలు తడిసిన పల్లెకారులూ ఎక్కారు,
గొడుగు మాత్రం పొడిగా పట్టుకుని
ఆ షావుకారు కొడుకూ ఎక్కాడు.
మెట్ల కింద గదిలో సంఘం బియ్యం, మూడు బస్తాలు.
తాళంచెవి పెద్దాయన జేబులో,
పెద్దాయన పాలకొల్లులో.
నాయనమ్మ మొలలోతు నీళ్ళలో దిగి
ఇటుకరాయితో తాళం పగలగొట్టింది.

బురద ఎత్తిపోశాక
సంఘపెద్ద జకరయ్యగారు పుస్తకం తెరిచి
దేవుడి బియ్యం లెక్క అడిగారు.
"ఆయనే తినేశాడండి" అంది.
"నాలుగు రోజులు.
చాలా ఆకలి మీదున్నాడు."

చివర్లో ఆవిడకి పేర్లు పోయాయి.
నన్ను చనిపోయిన పెదనాన్న పేరుతో పిలిచేది.
కీర్తనల్లో రెండో చరణాలు పోయాయి,
మొదటిదే తిరిగి తిరిగి పాడేది.
లేసు కొక్కెం చేతికిస్తే
అటూ ఇటూ తిప్పి
"ఎవరిదండీ పాపం, పారేసుకున్నారు" అని
తిరిగిచ్చేసేది.
పిడత మాత్రం పోలేదు.
అమ్మ కరెంటు కుక్కరు కొన్నాక కూడా
గోడ పట్టుకుని వంటింట్లోకొచ్చి
చెయ్యి చాపేది.

ఒకనాడు డబ్బా నేను పట్టుకున్నాను.
పిడికెడు తీసింది, పోసింది,
పిడతలోకి కాసేపు చూసింది.
మళ్ళీ డబ్బాలో వేళ్ళు పెట్టి
ఇంకొంచెం తీసింది.
"పోశావు కదా నాయనమ్మా" అన్నాను.

ఎండిన చేతిని వెలుతుర్లోకి తిప్పి చూపించింది,
షావుకారుకి లేసు చూపించినట్టు.
"పిడికిలి చిక్కిపోయిందిరా అబ్బాయ్.
ఆయన కొలత తగ్గకూడదు కదా."

అవతల రేవులో సాయంత్రం పంటు కూసింది.
తెల్లారిపోయిందనుకుని
కంగారుగా
మోకాళ్ళ కోసం తడుముకుంది.