గాలికి గోడలు

నేను కట్టేది గాలిమేడే.
కాకపోతే దీని మీద ఒక మనిషి
రోజుకి పదకొండు గంటలు కూర్చోవాలి.

ప్యార్ను రేవులో పన్నెండేళ్లు
రబ్బరు పడవలకి అతుకులేశాను.
గుద్దితే మోగేంత బిగువుంటే చాలు,
సముద్రం ఇంకేమీ అడగదు.
ఆ చేతివాటంతోనే మొదటి దిండు చేసి
ఐనార్‌కి ఇచ్చాను.
పళ్లెంలో ఉడికిన గుడ్డులా
దాని మీద అటూ ఇటూ దొర్లాడు.
నడుము కింద స్పర్శ లేని మనిషి
చక్రాల కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని
"ఊర్వె, ఇది దిండా, గుర్రమా?" అన్నాడు.

రెండోదాంట్లో గాలి తగ్గించాను.
మెత్తగా, చూస్తేనే నిద్రొచ్చేలా ఉంది.
అరచెయ్యి వెల్లకిలా అతని కిందికి దూర్చాను.
ఎముకకీ పలకకీ మధ్య
రెండు వేళ్ల సందుండాలి.
లేదు. ఎముక నా వేళ్లని పలకకేసి నొక్కింది.
మెత్తదనం ఎప్పుడో పక్కకి తప్పుకుంది,
భోజనాల వేళకి మొహమాటపడే చుట్టంలా.
"నొప్పి లేదులే" అన్నాడు.
నా భయమంతా అదే.
నొప్పి తెలియని చోటికి
పుండు తలుపు తట్టకుండా వస్తుంది.

అప్పట్నుంచి గోడలు కడుతున్నాను.
గాలిని ఒక్క గదిలో వదిలితే
బరువు ఇటు రాగానే అటు జారుకుంటుంది,
అప్పిచ్చినవాణ్ణి చూసి సందు మళ్లినట్టు.
తొమ్మిది గదులు చేశాను.
పూర్తిగా మూస్తే ప్రతి గదీ రాయే.
దారులు బార్లా తెరిస్తే మళ్లీ నీళ్ల తిత్తే.
మరి ఎంత తెరవాలి?

ఫిబ్రవరంతా ఆ ఒక్క ప్రశ్నకే వెల్డింగు.
వొరు పట్నం మీద మంచు
మా షెడ్డు కిటికీ సగం దాకా పేరుకుంది.
మూలన పదహారు దిండ్లు.
ఒకటి అతుకు దగ్గర చిట్లింది.
ఒకటి గదికి గది ఉబ్బి బుడ్డ గుమ్మడికాయైంది.
ఒకటి బాగానే ఉంది, ఎందుకు బాగుందో తెలియలేదు,
అందుకని కోసి చూశాను.
ఇప్పటికీ తెలియదు.

ఒక సాయంత్రం ఐనార్ వచ్చి
ఒళ్లోని అకార్డియన్ విప్పాడు.
ఏ మీటా నొక్కకుండా తిత్తిని మూయబోయాడు.
కదల్లేదు, గోడలా.
పక్కనున్న గాలి మీట నొక్కాడు.
ఉఫ్‌మని ఒక్కసారే కూలింది.
మూడోసారి ఒకే ఒక్క స్వరం మీద వేలుంచి వదిలాడు.
తిత్తి తన బరువుకి తానే
దిగింది, దిగింది, దిగుతూనే ఉంది,
సన్నటి ఇత్తడి నాలుక పక్కనుంచి
పాడుకుంటూ.
"నీ గాలికి ఇంత సందు చాలదూ?" అన్నాడు.

కాఫీ మర్చిపోయాను.
ఆ నాలుక పక్క సందుని
గేజితో కొలిచాను, రెండుసార్లు.
తిత్తి మూలలకి తోలు ఎందుకేస్తారో కూడా
అప్పుడే కళ్లబడింది:
గాలి నడిమధ్య తెగబడదు,
మడత తిరిగే చోట మెల్లగా కొరుకుతుంది.
గదుల మూలలన్నీ గుండ్రంగా కోశాను.

పదిహేడోది.
కప్పు కోసం అతను కుడికి వంగాడు.
దిండు వెంటనే లొంగలేదు,
ఒక ఊపిరి ఆగి
అతని వెనకే వంగింది.
వేళ్లు దూర్చాను. రెండు వేళ్ల సందు
రెండు వేళ్లలాగే ఉంది.
వాయించాడు. ఆ కుర్చీలో ఎన్నాళ్లకో
రెండు చేతులూ వదిలి.

మధ్యలో ఆపేశాడు.
"ఎడమవైపు, వెనక గది. కారుతోంది.
ఫా స్వరానికి కొంచెం కిందగా."
నాకేమీ వినబడలేదు.
అతన్ని బల్ల మీదికి మార్చి,
దిండుని మోచేత్తో అదిమిపెట్టి
సబ్బునీళ్లు పూశాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఆవగింజంత బుడగ,
దాని పక్కన ఇంకోటి.

బల్ల మీంచి ఐనార్ గొణిగాడు:
"ఫా కాదేమో. మళ్లీ నొక్కు, విందాం."