నలభై ఏడో రాయి

రాళ్లకు సున్నం కొట్టి
ఎర్రరంగుతో అంకెలు వేయడం నా పని.
తడ దాటాక, హైవేకి తూర్పున,
ఆరు రోజుల్లో నూట పన్నెండు రాళ్లు.
రాయికి పద్దెనిమిది రూపాయలు. బ్రష్షు నాదే.

నలభై ఏడో రాయికి ఆనుకుని
యాకసిరి చెంగమ్మ కూర్చుని ఉంది.
ఒళ్లో తాటాకు బుట్ట, దాని అంచు నిండా పంటిగాట్లు.
రెండు చేతులూ బురదలో దేవులాడేటప్పుడు
బుట్టను పళ్లతోనే కదా పట్టుకోవాలి.
పళ్లు రాలిపోయాయి. గాట్లు మిగిలాయి.

"ఈడ మోకాటి లోతు అబ్బయా.
నీ రంగు డబ్బా ఉండాదే, ఆడ తొడల దాకా.
సలికి ఏళ్లు కొంకర్లు పోతే
రొయ్యే ముల్లుతో పొడిచి లేపేది."

కిందకి చూశాను.
ఎర్ర గ్రావెల్, టిప్పరు చక్రాల అచ్చులు,
సగం విరిగిన ఆల్చిప్ప ఒకటి.
"పట్టా ఏమన్నా ఉండిందా అవ్వా?"
ఎందుకు అడిగానో.
"రొయ్యకుండిందా?" అంది.
నేను నలభై ఎనిమిదికి జరిగాను.

ఆదివారం తిరుపతి నుంచి రెండు బస్సులు.
షామియానా, పులిహోర పొట్లాలు,
కాగితం మీద రాజహంస, ఒంటికాలి మీద.
ఒక పాప అడిగింది, ఆ పిట్ట ఎక్కడ అంకుల్ అని.
సేల్స్ కుర్రాడు చెయ్యి చాపి
దూరంగా ఎటో చూపించాడు.
అటు టిప్పర్లు వస్తున్నాయి.

కార్తీకంలో వాయుగుండం.
నాలుగు రాత్రుల వాన.
ఐదోనాడు ఫోను: "సోమవారం రిజిస్ట్రేషన్లు,
హద్దులు కనబడాల. రాయి రాయికీ కర్ర గుచ్చి గుడ్డ కట్టు."
రేటు అదే, పద్దెనిమిది.

నలభై దాకా ఎలాగో దొరికాయి.
ఆపైన అంతా ఒకటే నీళ్లు,
ఆకాశమూ అందులోనే.
రంగుకు ఎత్తుపల్లాలుండవు, వేళ్లతో చదవలేం.
కర్రలు చంకలో ఇరికించి
వంగి, రెండు చేతులూ బురదలోకి దించాను.
మెత్తగా ఉంది. గ్రావెల్ ఎటు పోయిందో.
బొటనవేలి పక్కన ఏదో
చటుక్కున పొడిచి పారిపోయింది.

గట్టు మీద గొడుగు కింద నుంచి మేస్త్రి అరుస్తున్నాడు:
"ఒరే మునెయ్యా, నలభై ఏడు దొరికిందా?"

గుడ్డపీలికల మూట
నా పళ్ల మధ్య ఉంది.
నోరు తెరిస్తే నీళ్ల పాలవుతుంది.