పన్నెండు, పదమూడు

సోహార్ శుక్రవారం సంతల
పాత ఇస్త్రీపెట్టెలు, జత తప్పిన బూట్ల నడుమ
దొరికిందీ పుస్తకం.
అర రియాల్ అన్నడు, బేరమాడలే.
నడుం పట్టేసి మూడు వారాలైతున్నది.
క్యాంపు డాక్టరు ఇచ్చిన గోలీలు
నిద్రను పట్టినయ్ గని నొప్పిని పట్టలే.

ఇంగ్లీషు నాకు రాదు.
బొమ్మలైతే చదువుత.
పద్నాలుగేండ్ల సంది సలాకలు కట్టేటోన్ని,
డ్రాయింగుల చుక్కల గీతంటే
కాంక్రీట్ల మునిగి కానరాని రాడు అని ఎరుక.
ఈ పుస్తకంల అట్ల కాదు.
ఇక్కడ చుక్కల గీతంటే
ఇంకా కదలని చెయ్యి
పోవాల్సిన తొవ్వ.

ఎండకాలం పగటీలి పని బందు పెట్టే మూడు గంటలు
కింది పార్కింగుల, సపోర్టు పైపుల నడుమ
అందరు అట్టముక్కలు పరుచుకొని పండుకుంటరు.
నేను పుస్తకాన్ని సిమెంటు బస్త మీద తెరిచి
మొదటి బొమ్మ తీరు నిలవడ్డ.
నిలవడుడే. అంతే.
మోకాళ్లు జర వదులు,
ఎన్నుపూస తూకం గుండు వేలాడినట్టు.

నాలుగో బొమ్మల
లేని బంతిని రెండు చేతుల పట్టుకోవాలె.
లింబన్న ఒక కన్ను తెరిచి
"ఏం మోస్తున్నవ్ రా రాజేశం?" అన్నడు.
ఏం లేదన్న.
"మరి పైలంగ దించు, పలుగుతది" అని అటు మర్లిండు.
నవ్వులాటకే అన్నడు.
ఆ దినం సంది బంతికి బరువొచ్చింది.

ల్యూ అని చీనా వెల్డరు,
పది దినాలు దూరంకెల్లే చూసిండు.
ఒకనాడొచ్చి పుస్తకం మూసి పక్కకు పెట్టిండు.
నా తుంటి మీద రెండు వేళ్లతోని నొక్కిండు,
టాకా వేసే ముందు అతుకు చూసినట్టు.
మా ఇద్దరికి కలిసిన మాటలు పది ఉంటయేమో,
అండ్ల ఐదు హిందీ, ఒకటి అరబ్బీ.
"యే పేర్ ఫుల్. యే పేర్ ఖాలీ."
ఒక బిందెల నీళ్లు ఇంకో బిందెలకు
చుక్క పడకుంట ఒంపినట్టు
ఎడమ కాల్లకెల్లి కుడి కాల్లకు
నన్ను నేను ఒంపుకోవాలె.
ఒలికిన. మస్తుసార్లు ఒలికిన.

"స్లో" అన్నడు ల్యూ.
ఇంకా మెల్లగ చేసిన.
"స్లో!"
ఈ దేశంల అడుగువెట్టిన సంది
యల్లా అన్నోళ్లే, జల్దీ అన్నోళ్లే,
ఫోర్‌మన్, బస్సు డ్రైవరు, మెస్సుల అన్నం గరిట,
ఫోను కార్డుల నిమిషాలు సుత.
మెల్లగ చెయ్యమని తిట్టిన మనిషి ఈనొక్కడే.
కండ్లల్ల నీళ్లు దిరిగినయ్.
చెమట అనుకున్నడో ఏమో, తువ్వాల ఇచ్చిండు.

పుస్తకానిది ఒక మాట, ల్యూది ఒక మాట.
పుస్తకంల అరచెయ్యి నేలను చూస్తది,
ల్యూ అరచెయ్యి సముద్రం దిక్కు తిరుగుతది.
అడిగితే బొమ్మను చూసి నవ్వి
"గుడ్ మాన్" అన్నడు,
మల్ల తన చెయ్యిని తన తీరుగనే పెట్టిండు.
నడుం ఎవరి మాట ఇన్నదో తెల్వదు,
వంగవట్టింది.

పన్నెండు, పదమూడు పేజీలు ఎవరో చింపిండ్రు.
పదకొండుల మనిషి కొంగ తీరు రెక్క లేపుతడు,
పద్నాలుగుల మనకు ఈపు చూపెడుతడు.
నడుమ ఎట్ల తిరిగిండన్నది
ల్యూ కాళ్లల్లనే ఉండె.

వెల్డింగు పని ఒడిసింది,
ల్యూని దుకుమ్‌కు పంపిండ్రు.
పోయే పొద్దు బస్సు కిటికీలకెల్లి
బంతి పట్టుకున్నట్టు చేతులు చాపిండు.
నేను అందుకున్నట్టు చేసిన.
లింబన్న ఈసారి ఏమనలే.

రాత్రి సిమెంటు బస్త కాగితం కోసి
కార్పెంటర్ పెన్సిలుతోని పన్నెండు గీసిన.
బొమ్మకు బొజ్జ వచ్చింది, సేఫ్టీ బూట్లు వచ్చినయ్,
మొఖం రాలే.
చేతులు చూస్తే
బైండింగు వైరు మెలేసేటోని తీరున్నయ్.
పదమూడుల ఆగిపోయిన.
తిరిగేటప్పుడు నిండేది ఏ కాలో యాదికి లేదు.
ఎడమ గీసి చెరిపిన, కుడి గీసి చెరిపిన,
కాగితం నల్లగైంది గని చినగలే.

తెల్లారగట్ల నాలుగింటికి బస్సు లైనుల
ముంగట ముప్పై మంది, ఎనుక నలభై మంది.
టిఫిన్ డబ్బ రెండు చేతుల పట్టుకొని
ఎవరికి కానరాకుంట
ఎడమ కాలు నింపి చూస్తున్న.