షటర్ మేస్త్రి

బట్టలబజారుల ఏ షటర్ ఎట్ల మూలుగుతదో
నాకు తెలుసు.
చౌరస్తా కాడ కండ్లు మూసుకొని నిలబడితే చాలు,
పొద్దున తొమ్మిదిన్నరకు
గాజుల దుకాణపుది దగ్గుతది,
స్టీలు సామాన్లది ఒక్క గుంజుకే గర్జిస్తది,
మందులషాపుది సగంల ఆగి
"యాకయ్యా" అని పిలుస్తది.

ముప్పై ఏండ్ల సంది చేతులకు గ్రీజు వాసన.
పచ్చిపులుసు కలిపినా పోదు.
స్ప్రింగు తెగితే నేను, పట్టీ వంగితే నేను,
తాళంచెవి పారేసుకున్న సేటు
అర్ధరాత్రి కబురు పెడితే నేను.
నడుమ కొన్నేండ్లు ఎవ్వరూ పిలవలే.
మూసిన షటర్‌కు మేస్త్రితోని ఏం పని?
మిల్లు సైరన్ బందైనంక
జీతంరోజు రద్దీ బందైంది,
హన్మకొండ దిక్కు అద్దాల షోరూములు లేసినయి,
పెండ్లి బట్టలు అటు పోయినయి,
ఇక్కడ సజ్జల మీద పావురాలు కాపురం పెట్టినయి.

ఇప్పుడు మల్ల పిలుస్తున్నరు.

రోడ్డు తవ్విండ్రు. వైర్లన్నీ భూమిల పెట్టిండ్రు.
తలెత్తి చూస్తే, అరె,
మీది అంతస్తుకు చెక్క కిటికీలున్నయని,
సున్నపు గోడ మీద రెండు నెమళ్లు
మెడలు తిప్పుకొని అలిగి ఉన్నయని
నాకు మొన్ననే తెలిసింది.
వంగి పనిచేసినోనికి
సొంత బజారుల ఆకాశం కొత్త.
దీపాల స్తంభాలకు తోరణం ఆకారం చేసిండ్రు.
కోటల ఉన్నది రాయి, ఇది ఇనుము.
ఇనుము సంగతి నన్నడుగుండ్రి.
మూడు వానకాలాలు చూద్దాం.

గందె సత్యలింగం ఇత్తడి దుకాణాన్ని
పద్దెనిమిదేండ్లకు తెరిపించింది అర్షియా.
కొత్తవాడ పిల్ల, తండ్రిది మగ్గం.
జంపఖానాలు అమ్ముతదట, చాయ్ కూడ.
జంపఖానా మీదనే కూసొని తాగాలె,
నచ్చితే చుట్టుకొని పోవాలె.
"అప్పు బ్యాంకుది, ధైర్యం నాది, చాచా" అన్నది.

తాళానికి కిరోసిన్ పోసి రాత్రంత నానబెట్టిన.
తెల్లారి సుత్తెతోని మూడు దెబ్బలు.
నాలుగోదానికి
లోపలున్న పాతగాలి నన్ను తోసుకొని బయటికి నడిచింది,
చింతపండుతోని తోమిన బిందెల వాసనేసుకొని.
గోడకు తరాజు ఒకదిక్కు ఒరిగి ఉన్నది,
ఒక పళ్లెంల ఏమీ లేదు,
ఇంకో పళ్లెంల పద్దెనిమిదేండ్ల దుమ్ము.

జంగు గీకుదామని గరుకు కాగితం తీసిన.
పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.
"జంగు ఉండనియ్, అదే అందం.
మీద వార్నిష్ కొట్టు."
బతుకంత దానితోని కొట్లాడిన,
ఆఖరికి దానికే మెరుగు పెట్టుడా!
నవ్వొచ్చింది.
కూలి మాత్రం ఎన్నడూ రానంత ఇచ్చింది.

పక్క దుకాణాల కిరాయి మూడింతలైంది.
గడియారాల లింగమూర్తి మెట్లకింది బల్లెత్తుకొని
మండిబజారు సందులకు పోయిండు.
కాలం మారిందని ఆయన అనలే.
టైం సరిచేసుడు ఆయన పని,
తిట్టుడు కాదు.
కొత్తగ వచ్చేటోళ్లంత అద్దం తలుపులడుగుతున్నరు.
అద్దానికి చప్పుడుండదు.
బజారు ఎప్పుడు లేసిందో
ఇంట్లున్నోనికి ఎట్ల తెలవాలె?

అర్షియా దుకాణం మొదటిరోజు రాత్రి
పదకొండుకు ఫోను.
"చాచా, షటర్ కిందికి దిగుతలేదు."
లుంగీ మీదనే పోయిన.
లోపల ఇంకా పదిమంది,
మిల్లుల పనిచేసిన ముసలాయన ఒకడు
జంపఖానా అంచు వేళ్లతోని రాసి
పోగులు లెక్కవెడుతున్నడు.

స్ప్రింగు నేనే ఒక చుట్టు ఎక్కువ బిగించిన.
పిల్లకు చెప్పలే.
పానా ఇంట్ల మరిచినట్టు చేసి
ఒక చాయ్ పొయ్యమన్న.