హల్లులు

కర్నూలు పెద్దాసుపత్రి, ముప్పై నాలుగో గది.
బేతంచెర్ల నుంచి పొద్దున బండికి వచ్చాడు మద్దిలేటి.
చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.
స్నానం చేసే వచ్చాడు గానీ
కనుబొమల్లో ఇంకా తెల్లటి రాతిపొడి.
ముప్పై రెండేళ్లు బండల కోత మిషను పక్కన నిలబడ్డ మనిషి.

గాజుగదిలో కూర్చోబెట్టి చెవులకు డబ్బాలు తగిలించాను.
"శబ్దం వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కు, పెద్దాయనా."
బొంగురు మోతలకు టకటకా నొక్కాడు.
సన్నటివి పంపాను.
వేలు బొత్తాం మీదే ఉంది,
చూపు గోడ మీద.
కాగితంపై గీత కొంతదూరం సాపుగా నడిచి
నల్లమల ఘాటు దిగే బస్సులా
కుడివైపుకు జారిపోయింది.

"మాట ఇనపడతాది మేడమ్, తెలిసేదే ల్యా.
మా సుంకమ్మ సద్ది అంటే అద్ది అంటాది, చారు అంటే ఆరు.
దానికి పండ్లు ఊడినాయేమో అనుకుంటి."

ఆమె పళ్లు గట్టివే.
అచ్చులు లావాటివి, ఇంకా అందుతున్నాయి.
స, చ, త, ఫ లాంటి సన్నగాలి హల్లులే
ముందు రాలతాయి.

ఎట్లా చెప్పాలి?
లోపల శనగగింజంత నత్తగుల్ల.
అందులో పదిహేను వేల కణాలు, తలల మీద వెంట్రుకలు.
పొట్టి వెంట్రుక కొసను పొడుగుదాని పక్కకు కట్టిన
ప్రోటీన్ దారం.
మోతకు వెంట్రుకలు వంగితే దారం లాగుతుంది,
తలుపు తెరుచుకుంటుంది,
పొటాషియం లోపలికి దూకుతుంది.
వినడమంటే ఇదే,
రెప్పపాటులో వందలసార్లు తలుపు తీసి మూయడం.

"దారం తెగితే?"
ఒకటి రెండు రోజుల్లో మళ్లీ అల్లుకుంటుంది.
కొత్తలో షిఫ్టు దిగినాక గుయ్యిమన్న చెవులు
తెల్లారేసరికి తేరుకోలేదా?

కానీ రోజూ అదే మోతయితే
కణంలోని పొయ్యిలు ఆగకుండా మండుతాయి.
పొయ్యి ఉన్నాక రవ్వలు ఎగరక మానవు, ఆక్సిజన్ రవ్వలు,
తగిలిన చోటల్లా కాలుస్తాయి.
ఆర్పడానికి కణం దగ్గరా నీళ్లుంటాయి.
"మా బ్లేడు మీద పోసే నీళ్ల మాదిరా?"
అచ్చం అట్లాగే.
వయసు మీద పడేకొద్దీ ఆ ట్యాంకు అడుగంటుతుంది.
పొయ్యి గోడ బీటలిచ్చి ఒక ప్రోటీన్ బయటికి కారుతుంది.
లోపలున్నన్నాళ్లూ అది కూలి చేసే పనివాడు.
గడప దాటితే చావు చీటీ.
కణం ఆ చీటీ చదువుకొని తనను తానే విప్పేసుకుంటుంది,
చప్పుడు లేకుండా.

"ఆ బొక్క?"
పక్క కణాలు జరిగి పూడ్చేస్తాయి.
"లప్పం పెట్టినట్ల," అన్నాడు,
ఇదొక్కటీ ఆయనకు బాగా తెలిసిన పని.

మళ్లీ మొలవవా అని అడిగాడు.
మొలవవు అని ఊరుకోవాల్సింది.
కోళ్లకు మొలుస్తాయి అన్నాను.
చాలాసేపు నవ్వాడు.
"కోసుకొని తినే దానికి ఇచ్చినాడా దేవుడు!
దానికి ఏం ఇనాలంట, మా సుంకమ్మ కత్తి నూరేదా?"

మిషను సంగతి చెప్పాను, ఒక చెవికి వస్తుందని, చీటీ రాస్తానని.
ఆయన వినడం లేదు.
కుర్చీ దిగి గొంతుక్కూర్చొని
నేలబండను వేలి ముడుపుతో తట్టాడు.
"మా ఊరి బండనే.
తడితే ఖంగుమంటే మంచిది,
బొద్దుమంటే లోపల పగులు.
పోయినేడు పగులు బండ మంచి లోడులో పంపితి.
అప్పుడు తీసేసినారు నన్ను."
మళ్లీ తట్టాడు, తల ఎత్తాడు.
"ఏమంటాంది మేడమ్?"

నా చెవులు మంచివే, పోయిన నెలే పరీక్షించుకున్నాను.
ఆయన పక్కన కూర్చొని
నేనూ తట్టాను.
ఏదో వినబడింది.
అది ఖంగో బొద్దో
చెప్పడం రాలేదు.